రన్‌ఫ్లాట్ టైర్లా, మామూలు టైర్లా: మీ కారుకు ఏవి సరిపోతాయో తేల్చుకోవడం ఎలా

కారు టైర్లు అరిగాయి, షాపుకి వెళ్లారు. షాపాయన వంగి చూసి, "సార్, ఇవి రన్‌ఫ్లాట్లు. ఇవే కావాలంటే ఈ రేటు, మామూలు ట్యూబ్‌లెస్ వేస్తే ఈ రేటు" అని కాగితం మీద రెండు అంకెలు రాసిచ్చాడు. రన్‌ఫ్లాట్ అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే టైరు. నాలుగు టైర్లకు లెక్కేస్తే ఆ రెండింటి మధ్య తేడాతో ఇంట్లోకి ఒక ఫ్రిజ్ కొనొచ్చు. ఇప్పుడు ఏం చేయాలి?

సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ, మినీ లాంటి కార్లు కొన్న చాలామందికి ఈ ప్రశ్న మొదటిసారి టైర్లు మార్చేటప్పుడే ఎదురవుతుంది. నాకూ అలాగే ఎదురైంది. అడిగినవాళ్లలో సగం మంది "రన్‌ఫ్లాట్ తీసేయ్, రైడ్ మెత్తగా ఉంటుంది" అన్నారు. మిగతా సగం "పొరపాటున కూడా తీయకు, స్టెప్నీ లేని కారు" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. కానీ ఇద్దరూ నన్ను అడగాల్సిన ప్రశ్న అడగలేదు: పంక్చర్ అయితే మీరు ఎక్కడ, ఎవరితో ఉంటారు? దీనికి జవాబు దొరికితే ఏ టైరు కొనాలో దాదాపు తేలిపోతుంది. ఆ జవాబు దగ్గరికి ఎలా వెళ్లాలో వరసగా చెప్తాను.

ముందు మీ కారుకు ఇప్పుడు ఏమున్నాయో చూడండి

షాపువాళ్ల మాట మీద వదిలేయకండి. పగటి వెలుతురులో టైరు పక్కన కూర్చుని సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, అక్షరాలు చదవండి. రన్‌ఫ్లాట్‌ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో గుర్తిస్తుంది. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జడ్‌పీ, గుడ్‌ఇయర్ అయితే ఆర్ఓఎఫ్, కాంటినెంటల్ అయితే ఎస్ఎస్ఆర్ అని ఉంటుంది. పిరెల్లీ చాలావరకు రన్ ఫ్లాట్ అనే రాస్తుంది. బీఎండబ్ల్యూ కోసం చేసిన వాటి మీద చిన్న నక్షత్రం గుర్తు, దాంతోపాటు ఆర్ఎస్‌సీ అనే అక్షరాలు కనిపిస్తాయి. మెర్సిడెస్ టైరు మీద ఎంఓఈ అని ఉంటే రన్‌ఫ్లాట్, ఒట్టి ఎంఓ అని ఉంటే మామూలుది.

నాలుగు టైర్లూ చూడండి. సెకండ్ హ్యాండ్ కార్లలో రెండు రన్‌ఫ్లాట్లు, రెండు మామూలువి ఉండటం నేను స్వయంగా చూశాను. పాత ఓనరు ఖర్చుకు వెనకాడి అలా వేయించి ఉండొచ్చు. సైడ్‌వాల్ గట్టిదనం వేరు కాబట్టి మలుపులో, సడన్ బ్రేకు కొట్టినప్పుడు కారు ముందూ వెనకా ఒకేలా పట్టు చూపదు. మీ కారు అలా ఉంటే మిగతా లెక్కలన్నీ తర్వాత, ముందు నాలుగూ ఒకే రకానికి తీసుకురండి.

అక్కడే ఇంకో రెండు సంగతులు రాసుకోండి. ఒకటి సైజు. ఉదాహరణకు 225/50 ఆర్17 94డబ్ల్యూ. ఇందులో 94 అంటే ఒక్కో టైరు 670 కిలోల బరువు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదని అర్థం. రెండోది తయారీ తేదీ. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం. టైరు గాట్లు బాగానే ఉన్నా ఎండకు ఎండి, సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లు వచ్చి ఉంటే ఆయుష్షు అయిపోయినట్టే.

రన్‌ఫ్లాట్ ఎంతవరకు ఆదుకుంటుందో తెలుసుకోండి

మామూలు టైర్లో కారు బరువు మోసేది గాలి. గాలి పోతే సైడ్‌వాల్ మడత పడిపోతుంది, రిమ్ము దాన్ని రోడ్డుకేసి నలిపేస్తుంది. కొద్ది దూరం పోతే చాలు, టైరు చింపిరి గుడ్డ అయిపోతుంది. రన్‌ఫ్లాట్‌కు సైడ్‌వాల్ లోపల వేడిని తట్టుకునే రబ్బరు దిమ్మ ఒకటి అదనంగా పోస్తారు. గాలి మొత్తం పోయినా ఆ దిమ్మ కారును నిలబెడుతుంది. సాధారణంగా కంపెనీలు ఇచ్చే హామీ, గాలి సున్నా అయ్యాక గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దూరం వరకు.

ఆ 80 మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గాలి లేని సైడ్‌వాల్ తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంది, వంగిన ప్రతిసారీ వేడెక్కుతుంది. కార్లో ఐదుగురు, డిక్కీ నిండా సామాను, మే నెల ఎండ, కాలే తారు రోడ్డు ఉంటే నేనైతే ఆ దూరంలో సగమే లెక్క వేసుకుంటాను. పెద్ద గుంతలో పడి సైడ్‌వాలే కోసుకుపోతే రన్‌ఫ్లాట్ కూడా ఏమీ చేయలేదు.

గాలి పోయిన సంగతి స్టీరింగు పట్టుకున్నవాళ్లకు తెలియకపోవడం దీని మంచితనం, ప్రమాదం కూడా. అందుకే రన్‌ఫ్లాట్ ఉన్న కారుకు టైరు ప్రెజర్ చూసే సిస్టమ్ పనిచేస్తూ ఉండి తీరాలి. డాష్‌బోర్డులో గుర్రపు నాడా ఆకారం మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న గుర్తు, కారు స్టార్ట్ చేయగానే ఒక్క క్షణం వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ సిస్టమ్ పనిచేస్తోందో లేదో ముందు చూపించండి.

నా కార్లో ఒక రాత్రి జరిగింది చెప్తాను. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం, 65వ నంబరు జాతీయ రహదారి. కార్లో మా అమ్మ, నా భార్య, బాబు. సూర్యాపేట దాటిన కాసేపటికి ఆ గుర్తు వెలిగింది. టైము రాత్రి పదిన్నర. పక్కన పొలాలు, చిమ్మచీకటి, వెనక నుంచి లారీలు. మామూలు టైరైతే ఆ చీకట్లో రోడ్డు పక్కన ఆపి, అందర్నీ దింపి, జాకీ పెట్టాల్సి వచ్చేది. మేం ఆపలేదు. వేగం 60కి తగ్గించి ఎడమ లేన్లో కోదాడ దాకా వెళ్లాం. సూర్యాపేట నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. అమ్మ వెనక సీట్లో నిద్రపోతూనే ఉంది. బంధువుల ఇంటి ముందు కారు ఆపాక దిగి చూస్తే కుడి వెనక టైరు కొంచెం కూర్చున్నట్టు కనిపించింది, అంతే. ఆ రాత్రి నా ప్రాణం లేచొచ్చింది.

తెల్లారాక మిగతా కథ మొదలైంది. మొదటి పంక్చర్ షాపులో కుర్రాడు టైరు మీద చెయ్యేసి, "సార్, ఇది గట్టి టైరు, మా మెషిన్ మీద ఊడదు" అన్నాడు. రెండో షాపులో పెద్ద మెషిన్ ఉంది. ఇద్దరు కలిసి పదిహేను నిమిషాలు కుస్తీ పడి ఊడదీశారు. దిగిన మేకు చిన్నదే, అగ్గిపుల్లంత. కానీ ఆ షాపాయన టైరు లోపల చెయ్యి పెట్టి తీసి నాకు చూపించాడు. వేళ్లకు కాటుకలా నల్లటి రబ్బరు పొడి అంటుకుంది. సైడ్‌వాల్ లోపలివైపు అరిగి రాలిన పొడి అది. టైరు లోపల అలా పొడి కనిపిస్తే సైడ్‌వాల్ లోపల నలిగిపోయినట్టే, ఇక దానికి ప్యాచ్ వేయకూడదు. గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్‌కి రిపేరు చేయవద్దనే చాలా కంపెనీలు చెబుతాయి. మామూలు టైరైతే, సమయానికి ఆపి ఉంటే, వందా నూటయాభై రూపాయలతో పోయే మేకు అది.

ఆ సైజు రన్‌ఫ్లాట్ కోదాడలో దొరకలేదు. విజయవాడ అక్కడి నుంచి 90 కిలోమీటర్ల పైమాటే, హామీ ఇచ్చిన 80 దాటిపోయింది. టైరు విజయవాడ నుంచి తెప్పించి బిగించేసరికి మర్నాడు సాయంత్రమైంది.

ఒక్క రాత్రిలో రెండూ చూశాను. రన్‌ఫ్లాట్ చీకట్లో మమ్మల్ని రోడ్డు మీద దించలేదు. పగలు మాత్రం ఒక టైరు ఖరీదు, ఒక రోజు తీసుకుంది. మన దగ్గర చాలాచోట్ల రెండు మూడు కిలోమీటర్లకో పంక్చర్ షాపు ఉంటుంది, అక్కడ మామూలు ట్యూబ్‌లెస్‌ని పది నిమిషాల్లో బాగుచేసి పంపిస్తారు. రన్‌ఫ్లాట్‌కు ఆ షాపుల వల్ల ఉపయోగం తక్కువ. బేరీజు వేసేటప్పుడు ఈ సంగతి ముందు పెట్టుకోండి.

మీ నెల రోజుల ప్రయాణం కాగితం మీద పెట్టండి

ఒక తెల్ల కాగితం తీసుకుని గత నెల కారు ఎక్కడెక్కడికి వెళ్లిందో రాయండి. ప్రతి ప్రయాణం పక్కన మూడు సంగతులు వేయండి: పగలా రాత్రా, కార్లో ఎవరున్నారు, దారిలో పంక్చర్ షాపు ఎంత దూరంలో ఉంటుంది.

మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసు, పిల్లల స్కూలు, కూరగాయల మార్కెట్, నెలకోసారి అత్తగారి ఊరు. మీ కాగితం ఇలా ఉంటే మామూలు టైర్లు నిశ్చింతగా వేసుకోవచ్చు. ఇలాంటి ప్రయాణాల్లో పంక్చర్ అయితే పెద్దగా పోయేది ఒక అరగంట. మీకు రోజూ ఎదురయ్యేవి స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు, వర్షాకాలం గుంతలు. వాటి మీద రన్‌ఫ్లాట్ గట్టి సైడ్‌వాల్ ప్రతి కుదుపునూ నడుముకు చేరవేస్తుంది. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లు కార్లో తిరిగితే ఈ ఒక్క కారణమే చాలు. పెద్ద గుంతలో గట్టిగా పడితే ఆ దెబ్బ రిమ్‌కి కూడా తగులుతుంది. అలాయ్ రిమ్ వంగితే కొంతవరకు సరిచేస్తారు, పగిలితే మాత్రం మార్చుకోవాల్సిందే.

కాగితం ఇంకోలా ఉంటే ఆలోచించాలి. ఒంటరిగా రాత్రి షిఫ్టు ముగించుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంటికొచ్చే అమ్మాయి ఉందనుకోండి. వాహనాలు వందకు పైగా వేగంతో దూసుకొచ్చే ఆ రోడ్డులో అంచున కారు ఆపి టైరు మార్చడం పగలే ప్రమాదం. ఆమెకు రన్‌ఫ్లాటే మంచిదని నేను గట్టిగా చెప్తాను. తరచూ శ్రీశైలం వెళ్లేవాళ్లదీ అదే పరిస్థితి. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక దారి పొడవునా షాపులు ఉండవు, రాత్రిపూట చెక్‌పోస్టు మూసేస్తారు, అడవిలో దిగి నిలబడకూడదు. జాకీ, స్పానర్ పట్టుకోలేని పెద్దవాళ్లు ఒంటరిగా కారు నడుపుతుంటే కూడా రన్‌ఫ్లాట్ వైపే మొగ్గండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్క కొంచెం మారుతుంది. అక్కడ హామీని 50 మైళ్ల వేగం, 50 మైళ్ల దూరం అని చెబుతారు. ఫ్రీవే అంచున చక్రం మార్చడం అక్కడా ప్రమాదమే. వీధి చివర పంక్చర్ కుర్రాడు ఉండడు కాబట్టి మామూలు టైర్లకు ఇక్కడ ఉన్నంత మొగ్గు అక్కడ లేదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మెంబర్‌షిప్ ఉందా లేదా అన్నది కూడా చూసుకుని తేల్చుకోండి.

ఫోన్లు చేసి అసలు ఖర్చు తేల్చండి

ఇది గంట పని, ఎవరూ చేయరు. మీ సైజు చేతిలో పెట్టుకుని మూడు షాపులకు ఫోన్ చేయండి. ఒకటి మీ ఊళ్లో, ఒకటి మీరు తరచూ వెళ్లే ఊళ్లో, ఒకటి ఆ రెండింటి మధ్య దారిలో. అడగాల్సినవి ఇవి: ఈ సైజులో రన్‌ఫ్లాట్ ఇప్పుడు స్టాకులో ఉందా, తెప్పిస్తే ఎన్ని రోజులు, దాన్ని ఊడదీసి బిగించే మెషిన్ ఉందా, పంక్చర్ వేస్తారా వేయరా. తర్వాత మామూలు టైరుకు ఇవే ప్రశ్నలు అడగండి. దారిలో ఉన్న షాపు ఇచ్చే జవాబు ముఖ్యం. "తెప్పిస్తాం సార్, నాలుగు రోజులు" అన్నారంటే, మీకు హామీ ఇచ్చిన 80 కిలోమీటర్లు వెళ్లి ఆగేది ఆ ఊళ్లోనే అని గుర్తు పెట్టుకోండి.

ఖర్చు లెక్కలో టైరు ధర ఒక్కటే వేయకండి. రన్‌ఫ్లాట్ వైపు, ఏడాదికి ఒకసారైనా పంక్చర్ అయి ఒక టైరు మార్చాల్సి రావచ్చని వేసుకోండి. మామూలు టైరు వైపు, కింద నేను చెప్పబోయే డిక్కీ సామాను ఖర్చు వేయండి. ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవండి. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో టైరు ఒక్కటే పోతే పైసా రాదు. అదే ప్రమాదంలో కారుకు కూడా దెబ్బ తగిలితేనే టైరు ఖరీదులో సగం వస్తుంది. టైర్ల కోసం విడిగా యాడ్-ఆన్ ఉంటుంది. రన్‌ఫ్లాట్‌తోనే ఉండాలనుకుంటే ఆ యాడ్-ఆన్ ధర అడగండి, షరతులు చదివాకే తీసుకోండి. కారు ఇంకా వారంటీలో ఉంటే టైరు రకం మార్చితే ఏమైనా ఇబ్బందా అని సర్వీస్ సెంటర్లో అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి.

మామూలు టైర్లే అనుకుంటే, ముందు డిక్కీ సర్దండి

ఇక్కడే చాలామంది తొందరపడతారు. రన్‌ఫ్లాట్లు తీయించి, మెత్తటి రైడుకు మురిసిపోయి, డిక్కీలో ఏమీ లేకుండానే తిరుపతి బయల్దేరతారు. స్టెప్నీ లేని కారుకు మామూలు టైర్లు వేయడం చట్టప్రకారం కూడా ఆలోచించి చేయాల్సిన పనే. 2020లో కేంద్ర మోటారు వాహన నిబంధనలు మార్చి, ట్యూబ్‌లెస్ టైర్లు, ప్రెజర్ చూసే సిస్టమ్, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదన్నారు. అంటే కిట్టు కార్లో ఉండాల్సిందే. టైర్లకు ఆర్డర్ ఇచ్చే ముందే ఈ సామాను కొనండి.

మొదట గాలి పంపు. కారులోని 12 వోల్టుల సాకెట్‌కి పెట్టుకునే చిన్న ఇన్‌ఫ్లేటర్. రెండు మూడు వేల రూపాయల్లో పనికొచ్చేది దొరుకుతుంది. వైరు వెనక టైరు దాకా అందుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. వాడేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచండి.

తర్వాత ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు: టీ ఆకారపు పిడి ఉన్న రెండు ఊచలు, రబ్బరు స్ట్రిప్పులు, కటింగ్ ప్లయర్, చిన్న సీసాలో జిగురు. ఈ స్ట్రిప్పులు ఎండిపోతాయి, ఏడాదికోసారి కొత్తవి పెట్టండి. దీన్ని వాడటం ఒక ఆదివారం పాత టైరు మీద నేర్చుకోండి. షాపులో ఒక పనికిరాని టైరు అడిగితే ఊరికే ఇస్తారు. మేకును ప్లయర్‌తో లాగాలి. లాగే ముందు స్ట్రిప్పుని సూది ఊచలోకి ఎక్కించి, జిగురు రాసి సిద్ధంగా పెట్టుకోవాలి. గరుకు ఊచను చిల్లులో నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ తిప్పుతూ ఆడించాలి. ఇది బలమైన పని, ఒళ్లంతా బరువు పెట్టాల్సి వస్తుంది. తర్వాత స్ట్రిప్పుని రెండు కొసలూ అంగుళం బయటికి ఉండేలా తోసి, ఊచను ఒక్క గుంజుడుతో వెనక్కి లాగాలి. గాలి నింపి, మీద కాస్త సబ్బు నీళ్లో, మామూలు నీళ్లో పోస్తే బుడగ రాకూడదు. మిగిలిన కొసలు కోసేయండి. నేను నేర్చుకున్న రోజు మొదటి రెండుసార్లు స్ట్రిప్పు ఊచతోపాటే బయటికొచ్చింది. చీకట్లో రోడ్డు పక్కన అలా జరిగితే ఎంత టెన్షన్ పడతామో ఊహించుకోండి.

చిల్లు రోడ్డుకు తగిలే భాగంలో ఉండి, 6 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతేనే ఈ పని. సైడ్‌వాల్‌లో, అంచులో ఉన్నదానికి స్ట్రిప్పు వేయకండి. స్ట్రిప్పు తాత్కాలికం కూడా. ఇంటికొచ్చాక టైరు ఊడదీయించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్) వేయించండి.

ఇక స్టెప్నీ. చోటుంటే పెట్టుకోమనే నా సలహా. సన్న స్టెప్నీ అయినా ఫర్వాలేదు, దాని మీద సాధారణంగా 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. కొనేముందు బోల్టు రంధ్రాల కొలత సరిపోతుందో చూడాలి. పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్ కార్లకు ఐదు రంధ్రాలు 120 మిల్లీమీటర్ల వలయంలో ఉంటే, కొత్త తరంలో అది 112 అయింది. వేరే మోడల్ నుంచి తీసిన చక్రం బ్రేక్ క్యాలిపర్‌కి, అంటే చక్రం లోపల బ్రేకు వేసే భాగానికి, తగలొచ్చు. అందుకే కొన్న రోజే ముందు చక్రానికి ఒకసారి, వెనక చక్రానికి ఒకసారి బిగించి, చేత్తో తిప్పి చూడండి. డిక్కీలో చక్రాన్ని బెల్టుతో కట్టేయండి. సడన్ బ్రేకులో అది సీట్ల మీదికి దూకకూడదు.

జాకీ, వీల్ స్పానర్, ఎర్ర త్రికోణం, టార్చి, చేతి తొడుగులు. రన్‌ఫ్లాట్ కార్లలో చాలావాటికి జాకీయే ఉండదు, చూసుకుని కొనండి. ఇంకో చిన్న వస్తువు ఉంది, దాని మీదే అంతా ఆధారపడుతుంది: వీల్ లాక్ తాళం. చక్రాలు దొంగలు ఎత్తుకుపోకుండా ఒక్కో చక్రానికి ఒక బోల్టు వేరే ఆకారంలో ఉంటుంది. దాన్ని విప్పే ముక్క చేతి బొటనవేలంత ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కార్లలో అది తరచూ పోయి ఉంటుంది. అది లేకపోతే ఎన్ని స్పానర్లున్నా చక్రం ఊడదు. ఈ రోజే వెతికి, దొరికితే గ్లవ్ బాక్సులో పెట్టండి.

ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరితో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒకసారి చక్రం మార్పించండి. నా భార్యకు మొదటిసారి 40 నిమిషాలు పట్టింది, బోల్టు వదలడానికి స్పానర్ మీద కాలు పెట్టి నిలబడాల్సి వచ్చింది. రెండోసారికి 20 నిమిషాల్లో ముగించింది. జాతీయ రహదారుల మీద సాయానికి 1033 నంబరు ఉందని కూడా అందరి ఫోన్లలో రాసి పెట్టండి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

సైజు, బరువు అంకె, వేగం అక్షరం మూడూ పాత వాటికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. పాతదాని మీద ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉంటే కొత్తదాని మీదా ఉండాలి. బరువు అంకె తక్కువున్న టైరు చవగ్గా వస్తుందని తీసుకోకండి, కారు బరువు అక్కడే నిలబడుతుంది.

రకం మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చండి. డబ్బు సర్దుబాటు కాకపోతే ఒక నెల ఆగి నాలుగూ మార్చడం మేలు. బాగా సన్నటి సైడ్‌వాల్ ఉన్న 18 అంగుళాల చక్రాలుంటే ఇదే సమయంలో 17కు దిగడం గురించి కూడా అడగండి. 225/45 ఆర్18కీ 225/50 ఆర్17కీ మొత్తం ఎత్తులో తేడా 3 మిల్లీమీటర్లే. సైడ్‌వాల్ ఎత్తు పెరిగి గుంతల దెబ్బ కొంత తగ్గుతుంది. బ్రేకులకు తగలకుండా పట్టే రిమ్ దొరకాలి, అంతే.

బిగించే రోజు షాపులోనే ఉండండి. టైరు ఊడదీసే ముందు "అన్నా, లోపల సెన్సర్ ఉంది, వాల్వు దగ్గర లివర్ పెట్టొద్దు" అని చెప్పండి. కొన్ని కార్లలో వాల్వుకే సెన్సర్ ఉంటుంది, లివర్ తగిలితే విరుగుతుంది. ఇంకొన్ని కార్లలో సెన్సర్ ఉండదు, చక్రాల వేగం తేడాను బట్టి కారే గాలి తగ్గిందని కనిపెడుతుంది. అలాంటి కారుకు టైర్లు మార్చినా, గాలి పట్టినా మెనూలోకి వెళ్లి రీసెట్ చేయాలి, లేదంటే హెచ్చరికను నమ్మలేం. తర్వాత బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించండి.

మొదటి వారం స్టీరింగు కాస్త మెత్తబడినట్టు, మలుపులో కారు కొంచెం ఆలస్యంగా తిరిగినట్టు అనిపిస్తుంది. ఆ కారు సస్పెన్షన్ గట్టి సైడ్‌వాల్‌కి తగ్గట్టు తయారైంది కాబట్టి ఆ తేడా తెలుస్తుంది. చాలామందికి నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. వేగంగా నడపడం ఇష్టమైనవాళ్లకు మాత్రం అది కొరతగానే ఉండొచ్చు.

రన్‌ఫ్లాట్లతోనే ఉండాలనుకుంటే

మీకూ గాలి పంపు కావాలి. ఈ సంగతి నాకు కోదాడ తర్వాత తెలిసింది. మేకు దిగిన టైర్లో గాలి ఒక్కసారిగా పోదు, చాలాసార్లు గంటల తరబడి మెల్లగా పోతుంది. గుర్తు వెలగ్గానే పెట్రోలు బంకులాంటి వెలుతురున్న చోట ఆగి, గాలి కొట్టి, ఇరవై నిమిషాలకోసారి చూసుకుంటూ వెళ్తే టైరు సున్నాకు పడకుండానే షాపుకు చేరుతుంది. గాలి లేకుండా నడవని రన్‌ఫ్లాట్‌కి కొన్ని కంపెనీలు ప్యాచ్ వేయడానికి ఒప్పుకుంటాయి. ఆ రాత్రి నా దగ్గర పంపు ఉండి, దారిలో బంకు దగ్గర ఆగి ఉంటే, ఆ నల్ల పొడి చూడాల్సిన అవసరం వచ్చేది కాదేమో.

ఆగే వీలు లేకపోతే వేగం వెంటనే 80 లోపుకు, వీలైతే 60కి తగ్గించండి. సడన్ బ్రేకులు, పదునైన మలుపులు వద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేసి ఎంత దూరం వెళ్లారో లెక్క పెట్టండి. షాపులో టైరు ఊడదీశాక లోపల మీరే చెయ్యి పెట్టి చూడండి. పొడి ఉంటే, ముడతలు తగిలితే, ఎవరెంత చెప్పినా ఆ టైరుకు ప్యాచ్ వేయించకండి.

ఏ టైరు వేసినా

గాలి పొద్దున్నే, కారు కదలక ముందు చూడాలి. ఎండలో 20 కిలోమీటర్లు తిరిగొచ్చాక చూస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది. ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. ఇద్దరికి ఒకటి, నిండా జనం ఎక్కితే ఒకటి. ఊరెళ్లే ముందు రోజు రెండో అంకె పెట్టండి. గాట్ల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో చిన్న అడ్డగట్లు ఉంటాయి, టైరు వాటితో సమానంగా అరిగితే చట్టప్రకారం మార్చాలి. మన వానలకు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయమంటాను నేను. వారానికోసారి కారు కడిగేటప్పుడు సైడ్‌వాల్ మీద అరచెయ్యి వేసి నిమరండి. ఎక్కడైనా నిమ్మకాయంత బుడ్డ తగిలితే, అది లోపలి తీగలు తెగిన చోటు. ఆ టైరుతో హైవే ఎక్కకండి.

కొత్త టైర్లు వేయించాక వంద కిలోమీటర్లు తిరిగి అదే షాపుకు వెళ్లి బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచి బిగించే స్పానర్‌తో) మళ్లీ బిగింపించండి. ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేయించారో, డాట్ అంకెలు ఏమిటో ఒక చీటీ మీద రాసి, వీల్ లాక్ తాళంతో కలిపి గ్లవ్ బాక్సులో పెట్టండి.